నాటకం చూసి స్పందన రాయమంటే కథ రాసిచ్చాను, వెనక్కి ఇచ్చేశారు. ఏం రాయాలి?

మీరు అడిగినదాన్ని ముందు ఒకచోట పెడతాను, తర్వాత చదివేవాళ్ళకి కూడా తెలియాలి కదా. మీరు డిగ్రీ రెండో సంవత్సరం. తెలుగు లెక్చరర్ క్లాసు మొత్తాన్ని హరిశ్చంద్ర పద్యనాటకానికి తీసుకెళ్ళారు. స్టేజి నాటకం చూడటం మీకు అదే మొదలు. రెండు పేజీల స్పందన రాయమంటే కథ రాసిచ్చారు. "ఈ కథ నాకు తెలుసు, నీకేమైందో రాయి" అని ఆయన తిప్పి పంపారు. మీ అనుమానాలేమో ఇవి: పద్యాలు సగం అర్థం కాలేదు. మధ్యలో విసుగొచ్చింది. హరిశ్చంద్రుడి వేషం సగం నుంచి వేరే నటుడు కట్టాడు. చంద్రమతిని అమ్మేచోట మీకు ఒళ్ళు మండింది. కాటిసీనులో "ఇచ్చోటనే" అని వచ్చే పద్యం దగ్గర మాత్రం కళ్ళు తడిశాయి. ఆ వెంటనే శవంగా పడుకున్న లోహితాస్యుడు దోమ కుట్టి కాలు గోక్కుంటే హాలంతా నవ్వింది. చివర ఎప్పుడు చప్పట్లు కొట్టాలో తెలియలేదు. ఇవన్నీ రాయొచ్చా అన్నారు.

ఇవే రాయాలి. మీరు ఇచ్చిన మొదటి కాగితంలోని కథ నాటకానికి వెళ్ళకుండా ఇంట్లో కూర్చుని కూడా రాయొచ్చు. పైన అడిగిన అనుమానాలు మాత్రం ఆ రాత్రి ఆ కుర్చీలో కూర్చున్నవాడికి తప్ప ఇంకొకరికి రావు.

చాలా ఏళ్ళు కాలేజీలో నాటకం పాఠం చెప్పాను, పరిషత్తు పోటీలకి న్యాయనిర్ణేతగా కూర్చున్నాను. దిద్దిన కాగితాల్లో ఎక్కువ భాగం రెండు రకాలు. ఒకటి కథ. రెండోది సర్టిఫికెట్: "నటీనటులు తమ పాత్రల్లో జీవించారు, సంగీతం వీనులవిందుగా ఉంది, ఆహార్యం చక్కగా కుదిరింది." ఈ వాక్యం ఏ నాటకానికైనా అతుకుతుంది. అలా అతికేది ఏదైనా కనిపిస్తే కొట్టెయ్యండి. మిగిలినది అరపేజీయే అయినా ఫర్వాలేదు, అక్కణ్ణుంచి పెంచుకోవచ్చు.

పద్ధతి పెద్దదేమీ కాదు. మీలో ఏదో కదిలిన క్షణం ఒకటి పట్టుకోండి. ఏడుపు, కోపం, నవ్వు, విసుగు, ఏదైనా సరే. అక్కణ్ణుంచి వెనక్కి వెళ్ళండి. దానికి ముందు స్టేజి మీద ఏం కనిపించింది, ఏం వినిపించింది? ఎవరు ఎటు తిరిగి ఉన్నారు? హార్మోనియం మోగుతోందా, ఆగిందా? చుట్టుపక్కలవాళ్ళు ఏం చేస్తున్నారు? కారణం దొరికితే రాయండి. దొరక్కపోతే దొరకలేదనే రాసి, మీ ఊహ చెప్పండి.

మీ కాటిసీను మీదే చేసి చూద్దాం. ఆ "ఇచ్చోటనే" పద్యం మీరు బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్ర నాటకం పుస్తకంలో వెతికితే దొరకదు. అది గుర్రం జాషువా 'శ్మశానవాటి' ఖండికలోది. జాషువా దాన్ని హరిశ్చంద్రుడి కోసం రాయలేదు. నటులు తెచ్చి కాటిసీనులో పెట్టుకున్నారు, జనం దాన్ని వదలనివ్వలేదు. ఇప్పుడు ఆ పద్యాలు లేని కాటిసీను ఉందంటే జనం ఒప్పుకోరు. ఎందుకు అంతగా అతికిందో చూడండి. ఈ నేల మీదే కవి కలం నిప్పుల్లో కరిగిపోయింది, రాజు అధికారముద్ర మాయమైంది, కొత్త ఇల్లాలి నల్లపూసలు గంగలో కలిశాయి, చిత్రకారుడి కుంచె నశించింది అంటాడు కవి. పుస్తకంలో చదివితే ఇది మనుషులందరి గురించి. స్టేజి మీద అదే మాట పాడుతున్నవాడు ఎవరు? రాజముద్ర పోగొట్టుకున్న రాజు. నల్లపూసల మాట వచ్చిన కాసేపటికి ఆ చీకట్లోకి బిడ్డ శవంతో ఎవరు వస్తారు? మెడలో తాళి ఉన్న అతని భార్య. ఆ తాళి భర్తకి తప్ప ఇంకొకరికి కనపడదు, ఆ తాళితోనే ఆమెని గుర్తుపడతాడు. పద్యం ముందే వచ్చి మన మనసుని తవ్వి పెడుతుంది, తర్వాతి ఘట్టం అక్కడ పడుతుంది. మీకు మాటలు సగమే అర్థమయ్యాయన్నారు. ఆ సగంలో ఏ మాటలు ఉన్నాయో గుర్తుచేసుకుని రాయండి. "ముద్రిక" వినపడిందా? "నల్లపూసలు" వినపడిందా? లేక మాట కాక గొంతు పట్టుకుందా? మూడూ వేరువేరు స్పందనలు.

ఇంకో సంగతి. శ్మశానంలో అంటరానితనానికి చోటు లేదని జాషువా అదే ఖండికలో అంటాడు. బతికున్నంత కాలం కులం పేరుతో అవమానాలు పడ్డ కవి మాట అది. దాన్ని కాటికాపరికి అమ్ముడుపోయిన రాజు నోట పెట్టినప్పుడు, పురాణకథలోకి ఇరవయ్యో శతాబ్దం వచ్చి నిలబడింది. మీ స్పందనలో ఇది ఒక పేరాకి సరిపోయే విషయం, కానీ మీకు నిజంగా తోస్తేనే. నేను చెప్పానని రాయొద్దు.

విసుగు గురించి. ఎక్కడ మొదలైంది, ఎక్కడ పోయింది అన్నది రాయండి చాలు, అది పరువు తక్కువేమీ కాదు. అయితే ఒక తేడా గమనించాలి. సినిమాకి మనం తర్వాతేం జరుగుతుందోనని కూర్చుంటాం. పద్యనాటకానికి వచ్చిన పెద్దవాళ్ళకి కథ చివరిదాకా ముందే తెలుసు. ఈ నటుడు ఈ రాత్రి ఆ పద్యం ఎలా ఎత్తుకుంటాడు, ఆలాపన ఎక్కడిదాకా తీస్తాడు, హార్మోనిస్టు ఎలా అందుకుంటాడు, మాట విరవకుండా రాగం నడిపించాడా లేదా, వాళ్ళు వచ్చింది ఇందుకు. నచ్చితే "వన్స్‌మోర్" అని అరుస్తారు, శోకంలో ఉన్న పాత్ర ఆగి మళ్ళీ అదే పద్యం పాడుతుంది. మొదటిసారి చూసేవాడికి ఇది వింతే. కథ ఆగిపోయిందనిపిస్తుంది. కాబట్టి మీకు విసుగొచ్చిన చోట మీ ముందు వరుసవాళ్ళు ఏం చేస్తున్నారో గుర్తుందా? వాళ్ళు తలలూపుతుంటే మీ చెవికి ఇంకా అలవాటు కాలేదని అర్థం. వాళ్ళు కూడా కదులుతూ, దగ్గుతూ ఉంటే ఆలాపన నిజంగానే అతి అయిందని అర్థం. ఈ గొడవ కొత్తది కూడా కాదు. బళ్ళారి రాఘవ (1880–1946) రాగాల జోరులో భావం కొట్టుకుపోతోందని, పాత్రలా మాట్లాడాలి గానీ కచేరీ చెయ్యకూడదని పట్టుబట్టినవాడే. కాబట్టి మీ పక్షాన చాలా పెద్ద నటుడు ఉన్నాడు. ఎదుటి పక్షాన మాత్రం తెల్లవార్లూ కూర్చుని విన్న జనం ఉన్నారు. నేనైతే జనం వైపు కాస్త ఎక్కువ మొగ్గుతాను, కానీ బిడ్డ శవం ముందు వన్స్‌మోర్‌లు నాకూ మింగుడుపడవు.

వేషం మారిన సంగతి తేలిగ్గా చెప్పేస్తాను. అది పొరపాటు కాదు. పేరున్న నటుల్ని తలా ఒక చోటు నుంచి పిలిపించి వేయించే కాంట్రాక్టు నాటకాల రోజుల నుంచీ ఉన్న అలవాటు. ఒకే నాటకంలో ఇద్దరు ముగ్గురు కృష్ణులుంటారు, పడకసీనుకి ఒకరు, రాయబారానికి ఇంకొకరు. కాటిసీను హరిశ్చంద్రుడూ అలాగే వేరుగా వస్తాడు. పెద్దవాళ్ళు మారినట్టు కూడా గమనించరు. మీకు మాత్రం మారిన మనిషిని హరిశ్చంద్రుడని ఒప్పుకోవడానికి ఎంతసేపు పట్టింది, ఏ మాటతో, ఏ పద్యంతో ఒప్పుకున్నారు? అది రాస్తే చాలా బాగుంటుంది. అలవాటుపడ్డ ప్రేక్షకుడు ఎప్పటికీ రాయలేని వాక్యం అది.

కోపం సంగతికి వస్తాను, ఇక్కడ మీరు ఎక్కువ భయపడుతున్నట్టున్నారు. సత్యసంధుడి మీద కోపమొచ్చిందని రాస్తే మార్కులు పోతాయేమో అని.

ఇదే కథని స్టేజి మీద చూసిన ఇంకో విద్యార్థి ఉన్నాడు. రాజ్‌కోట్‌లో హైస్కూలు చదివిన మోహన్‌దాస్ గాంధీ. చిన్నతనంలో ఒక నాటక కంపెనీ వేసిన హరిశ్చంద్ర చూశానని, ఎన్నిసార్లు చూసినా తనివి తీరేది కాదని, తనలో తానే ఆ నాటకాన్ని లెక్కలేనన్నిసార్లు ఆడుకున్నానని ఆత్మకథలో రాసుకున్నాడు. అందరూ హరిశ్చంద్రుడిలా ఎందుకు ఉండకూడదు అన్న ప్రశ్న తనని పట్టుకుందనీ, తలుచుకుని ఏడ్చేవాడిననీ చెప్పాడు. పెద్దయ్యాక ఆ హరిశ్చంద్రుడు చరిత్రలో ఉన్నవాడు కాదని బుద్ధికి తెలిసినా, తనకి మాత్రం బతికే ఉన్నాడన్నాడు. గమనించండి, కథ ఒక్క ముక్క చెప్పలేదు. నాటకం తన లోపల ఏం చేసిందో చెప్పాడు, అంతే. లెక్చరర్ మిమ్మల్ని అడుగుతున్నది అదే.

ఆ కుర్రవాడికి భక్తి కలిగింది, మీకు కోపం వచ్చింది. రెండూ స్పందనలే. కాకపోతే కోపాన్ని ఎవరి మీద పెట్టాలో తేల్చుకోవాలి. పాత్ర మీదా, కథ మీదా, ఆ రాత్రి ప్రదర్శన మీదా? కథ మీదైతే కాస్త వెనక్కి వెళ్ళండి. మార్కండేయ పురాణంలో నన్ను అమ్మి అప్పు తీర్చమని మొదట అనేది భార్యే. ఇంకా వెనక్కి, ఐతరేయ బ్రాహ్మణంలోకి వెళ్తే హరిశ్చంద్రుడు మనకి తెలిసిన మనిషే కాదు. కొడుకు పుడితే నీకే బలి ఇస్తానని వరుణుడికి మాటిచ్చి, పుట్టాక వాయిదాలు వేస్తూ పోయినవాడు. కథ ఒక్కటే రూపంలో ఉండిపోలేదు కాబట్టి మీకు దానితో పోట్లాడే హక్కుంది.

కోపం ప్రదర్శన మీదైతే ఇంకా సూటిగా చూడాలి. అమ్మకం జరుగుతున్నప్పుడు చంద్రమతి ఎక్కడ నిలబడింది? మైకు ఎవరి ముందుంది? ఆమెకి ఆ ఘట్టంలో పద్యం ఉందా, ఉంటే పూర్తిగా పాడనిచ్చారా? ఆమెని కొనుక్కునే కాలకౌశికుడి హాస్యానికి జనం నవ్వుతున్నప్పుడు ఆమె ముఖం ఎలా ఉంది? చాలా ప్రదర్శనల్లో ఆ ఘట్టంలో వెలుగంతా హరిశ్చంద్రుడి బాధ మీదే ఉంటుంది, అమ్ముడుపోతున్న మనిషి పక్కన నిలబడి ఉంటుంది. మీ ఒళ్ళు మండింది దానికే అయ్యుండొచ్చు. అలా అయితే "ఇది స్త్రీలని అవమానించే నాటకం" అని ఒక్క వాక్యంతో ముగించకండి. ఏం చూసి అలా అనిపించిందో రాయండి. అప్పుడు మీతో ఏకీభవించనివాళ్ళు కూడా చదువుతారు.

ఇక దోమ. మీరు సిగ్గుపడుతూ అడిగారు గానీ, నాకు మీ ప్రశ్నలో ఎక్కువ నచ్చింది ఇదే. భరతుడి నాట్యశాస్త్రంలో 27వ అధ్యాయం ప్రదర్శన ఎంతవరకు సిద్ధించిందో తేల్చే అధ్యాయం. అందులో ప్రదర్శనని చెడగొట్టే 'ఘాతాలు' చెప్పాడు. దైవం వల్ల వచ్చేవాటిలో గాలి, నిప్పు, వాన, ఏనుగు, పాములతో పాటు పురుగులు, చీమలు కూడా ఉన్నాయి. మీ దోమ ఆ పద్దులోకి వస్తుంది. లోహితాస్యుడి తప్పు లేదు పాపం.

అక్కడ అసలు రాయాల్సింది నవ్వు తర్వాత ఏమైందన్నది. హాలు నవ్వింది. చంద్రమతి ఏం చేసింది? ఆగిందా, వినపడనట్టు సాగిపోయిందా, పిల్లవాడి మీద కొంగు కప్పిందా? హార్మోనిస్టు శ్రుతి పెంచాడా? మళ్ళీ నిశ్శబ్దం రావడానికి ఎంతసేపు పట్టింది? మీరు "ఆ వెంటనే మళ్ళీ ఏడ్చాను" అని రాశారు. పిల్లవాడు బతికే ఉన్నాడని కళ్ళారా చూశాక కూడా ఏడ్చారంటే, మీ ఏడుపు అతను చచ్చిపోయాడని నమ్మడం వల్ల వచ్చింది కాదు. మరి దేనివల్ల? ఈ ప్రశ్న మీద పెద్దపెద్దవాళ్ళు కొట్టుకున్నారు. పద్నాలుగో శతాబ్దపు విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో, కరుణరసంలో నిజంగా దుఃఖమే ఉంటే దాన్ని చూడటానికి ఎవరూ వెళ్ళరు కదా అన్నాడు, దానికి సహృదయుల అనుభవమే సాక్ష్యమన్నాడు. ఆ సాక్ష్యం మీ దగ్గరుంది, అదీ దోమతో సహా. రెండు పేజీల్లో ఒక పేజీ దీనికే ఇవ్వమంటాను.

ఒక నమూనా ఇస్తాను. కాపీ చెయ్యకండి, తీరు చూడండి. మొదటి కాగితంలో మీరు "కాటిసీను హృదయవిదారకంగా ఉంది" అన్నారు. దాని బదులు ఇలా ఉండొచ్చు:

"లోహితాస్యుడు కాలు గోక్కున్నప్పుడు నేనూ నవ్వాను. చంద్రమతి వేసినావిడ నవ్వు ఆగేదాకా మాట్లాడలేదు. వంగి, పిల్లవాడి కాలు మెల్లగా సర్దింది, నిద్రలో ఉన్న పిల్లవాడికి సర్దినట్టు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. ఆవిడ నటిగా సర్దిందో, తల్లిగా సర్దిందో నాకు ఇప్పటికీ తెలియదు."

ఇందులో విశేషణాలు లేవు, రసాల పేర్లు లేవు. ఒక చెయ్యి చేసిన పని ఉంది, హాలు మారడం ఉంది, తేలని ప్రశ్న ఒకటి ఉంది. మీ హాల్లో ఆవిడ అలా చెయ్యకపోయి ఉండొచ్చు. ఏం చేసిందో అదే రాయండి, ఏమీ చెయ్యకపోతే అదీ రాయండి. లేనిది కల్పించారో, పక్కనే కూర్చున్న మీ లెక్చరర్‌కి తెలిసిపోతుంది.

చప్పట్ల సంగతి. నాట్యశాస్త్రం అదే అధ్యాయంలో ప్రేక్షకుల స్పందనలకి ఒక లెక్క ఉంది. చిరునవ్వు, సగం నవ్వు, పెద్ద నవ్వు, "సాధు" అనడం, "అహో" అనడం, "కష్టం" అనడం, ఒళ్ళు పులకరించడం, కూర్చున్నచోటు నుంచి లేవడం, బట్టలూ ఉంగరాలూ విసరడం. మన పల్లెల్లో పద్యం మధ్యలో స్టేజి ఎక్కి నోటు చేతిలో పెట్టి, మైకులో పేరు చెప్పించుకునేవాళ్ళు ఈ చివరిదానికి వారసులే. ఇవన్నీ 'మానుషి' సిద్ధి. దీనికి పైన 'దైవికి' సిద్ధి ఉంది: ప్రేక్షకశాల నిండుగా ఉండి, చప్పుడు లేదు, కలవరం లేదు, ఉత్పాతం లేదు. తెర పడ్డాక కాసేపు ఎవరూ కొట్టలేదు, నేను మొదలుపెట్టాలా వద్దా అని చేతులు గాల్లో పెట్టుకుని కూర్చున్నాను అన్నారు కదా. ఆ క్షణం రాయండి. అక్కడ మీకు తెలియనితనం ఏమీ లేదు, నాటకం ఇంకా మిమ్మల్ని వదల్లేదు, అంతే.

ఆ అధ్యాయమే మంచి ప్రేక్షకుడెవరో కూడా చెప్తుంది. పాత్ర సంతోషిస్తే సంతోషించి, దుఃఖిస్తే దుఃఖించి, కోపిస్తే కోపించేవాడు. కావలసిన గుణాలన్నీ ఒక్కడిలో ఉండవని కూడా ఒప్పుకుంటుంది. కుర్రవాళ్ళకి ఒకటి నచ్చుతుంది, పెద్దలకి ఇంకొకటి. కాబట్టి మీ పక్కన ఫోన్ చూసుకుంటూ కూర్చున్న స్నేహితుడి గురించి రాయాలనిపిస్తే రాయండి, కానీ తిట్టకండి. అతను ఏ ఘట్టంలో తల ఎత్తాడో రాయండి.

చిన్న విషయాలు కొన్ని. నటుల పేర్లు కరపత్రం చూసి సరిగ్గా రాయండి, హార్మోనిస్టు పేరు మర్చిపోకండి, పద్యనాటకంలో సగం భారం ఆయనదే. పాత్రధారిని, పాత్రని కలిపేయకండి. "హరిశ్చంద్రుడు శ్రుతి తప్పాడు" అని రాస్తే నవ్వొస్తుంది. కథ తప్పనిసరైతే నాలుగు వాక్యాలు, అంతకు మించొద్దు. పద్యం పూర్తిగా ఎత్తి రాయొద్దు, మిమ్మల్ని పట్టుకున్న రెండు మాటలు చాలు. "మొదటిసారి చూశాను" అన్న మాట దాచకండి, కానీ క్షమాపణలా చెప్పకండి.

యూట్యూబ్‌లో ఇదే నాటకం వీడియోలు బోలెడున్నాయి, అవి చూసి రాయొచ్చా అని చివర్లో అడిగారు. ముందు రాయండి, తర్వాత చూడండి. ముందే చూస్తే మీరు గుర్తుంచుకున్నది చెరిగిపోయి కెమెరా చూపించినది మిగులుతుంది. కెమెరా పాడుతున్నవాడి మీదే ఉంటుంది. మీరు ఆ రాత్రి చంద్రమతిని చూశారో, వింగులో నిలబడి టీ తాగుతున్న విశ్వామిత్రుణ్ణి చూశారో అది కెమెరాలో ఉండదు. అమెరికాలో ఆర్కన్సా విశ్వవిద్యాలయం పరిశోధకులు బడిపిల్లల మీద చేసిన అధ్యయనం 2014లో వచ్చింది. ఎవరు నాటకానికి వెళ్ళాలో లాటరీ వేసి తేల్చారు. వెళ్ళినవాళ్ళకి కథ, అందులోని మాటలు ఎక్కువ తెలిశాయి, ఎదుటివాళ్ళ మనసులో ఉన్నది పసిగట్టడం కూడా మెరుగైంది. అదే కథని చదివినా, సినిమాగా చూసినా అంత ఫలితం కనపడలేదు. లెక్చరర్ మిమ్మల్ని బస్సెక్కించి తీసుకెళ్ళింది ఊరికే కాదు. వీడియో దేనికి పనికొస్తుందంటే, రాయడం అయ్యాక పద్యంలో మాట సరిగ్గా విన్నారో లేదో సరిచూసుకోవడానికి. "ముద్రిక"ని "ముత్యం" అని విని ఉంటే, మొదట విన్నదాన్ని కూడా కాగితంలో ఉండనివ్వండి, పక్కన సరైన మాట రాసుకోండి.